థిన్నర్ దగ్గర లైటర్ వెలిగించకండి

ఇంట్లోనే పిల్లలతో పెయింటింగ్ చేయించమనే ఒక మెసేజ్ ఈ వారంలో నాకు ఐదుసార్లు వచ్చింది. నెల్లూరు నుంచి పిన్ని పంపింది. నంగనల్లూరులో మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో రెండుసార్లు వచ్చింది. ఆదివారాలు నా దగ్గర బొమ్మలు నేర్చుకునే పిల్లల అమ్మలు ఇద్దరు "ఇది చేయిద్దామా మేడమ్?" అని పంపారు.

"పది నిమిషాల్లో ఇంట్లోనే ఆబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్, పిల్లలకు సెలవుల్లో మంచి కాలక్షేపం" అని మొదలవుతుంది. గీయడం రానక్కర్లేదట. రంగులు కొనక్కర్లేదట, అటక మీది పాత ఎనామెల్ (తలుపులకు వేసే నూనె రంగు) డబ్బాలో, రంగును పలుచన చేసే థిన్నర్ కలిపి కేన్వాస్ మీద ఒంపి, పైన లైటర్ మంట ఆడిస్తే అందమైన గుండ్రాలు తేలతాయట. పసుపు పూస్తే ఎప్పటికీ పోని సహజ రంగట. మిగిలింది సింకులో పోసేయాలట. చివర్లో బొమ్మను తలకిందులు చేసి చూడమని, ఇరవై వేలకు అమ్ముకోమని సలహా.

ఇరవై వేల మాట వదిలేద్దాం. కొనేవాళ్లెవరో మెసేజే చెప్పలేదు.

పసుపు వెలుతురుకు ఆగదు. పసుపు మరక పడ్డ చీరను ఎండలో ఆరేస్తే మరక పోతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు. గోడ మీది కేన్వాస్‌కు అది ఎలా నిలుస్తుంది?

సింకులో ఆక్రిలిక్ (నీళ్లతో కలిపే రంగు) పోస్తే అది పైపులో ఆరి ప్లాస్టిక్ పొరలా పట్టేస్తుంది. బ్రష్షులు కడిగిన నీళ్లు ఒక బకెట్‌లో రాత్రంతా ఉంచి, అడుగున పేరుకున్న ముద్దను పాత పేపర్ మీద ఆరబెట్టి చెత్తలో వేయాలి. థిన్నర్ అయితే ఏ కాలువలోనూ పోయకూడదు.

ఇక థిన్నర్, మంట. నేను ఇది రాయడానికి కారణమే ఇది.

మొన్న శనివారం మా కింది ఫ్లాట్ అమ్మాయి కంగారుగా పిలిచింది. ఎనిమిదేళ్ల కొడుకు తలనొప్పి అంటూ రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. వెళ్లి చూస్తే బెడ్‌రూమ్ కిటికీలు దోమలకని మూసి ఉన్నాయి, ఏసీ నడుస్తోంది. నేల మీద పేపర్లు, వాటి మీద స్టీలు గ్లాసులో సగానికి థిన్నర్, అందులో మెత్తబడి వంగిపోయిన ప్లాస్టిక్ చెంచా. పక్కనే గ్యాస్ లైటర్. ఇంకా వెలిగించలేదు. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేల దగ్గరే పరుచుకుంటుంది. పిల్లవాడు కూర్చున్నదీ అక్కడే. కిటికీలు తెరిచి, వాణ్ని బాల్కనీలోకి తెచ్చాక గంటకు తేరుకున్నాడు. నా చేతులు మాత్రం చాలాసేపు వణికాయి.

థిన్నర్‌గా వాడే టర్పెంటైన్ ఆవిరి, మంట తగిలితే, సుమారు 35 డిగ్రీల దగ్గరే నిప్పందుకుంటుంది. మే నెలలో చెన్నైలో నీడలోనే అంత వేడి ఉంటుంది. టోలుయిన్ అనే ద్రావకం ఉన్న థిన్నర్లకు ఆ వేడి కూడా అక్కర్లేదు, 4 డిగ్రీలు చాలు. వీడియోల్లో మంట ఆడించేది నీళ్లతో కలిసే ఆక్రిలిక్ మీద, అదీ గాలి బుడగలు పోవడానికి. ఈ మెసేజ్ రాసినవాళ్లు ఆ పద్ధతినీ ఎనామెల్ పద్ధతినీ కలిపేశారు. కలిపి, పిల్లలతో చేయించమన్నారు! ఒక్కసారైనా తమ ఇంట్లో చేసి చూసి ఉంటే ఇలా రాస్తారా? బుడగలు పోవాలంటే టూత్‌పిక్‌తో గుచ్చితే చాలు.

ఆ అటక మీది డబ్బా ఏ సంవత్సరానిదో కూడా చూడండి. ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు కొన్న డబ్బాలో ఎంత ఉందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. పిల్లల చేతికి ఇవ్వకండి.

గ్రూపులో ఇలా చెప్తే ఒకాయన "జాక్సన్ పొల్లాక్ కూడా ఇంటి ఎనామెలే వాడాడు కదండీ" అన్నారు. నిజమే, ఆ అమెరికన్ చిత్రకారుడు వాడాడు. కానీ ఆయన వేసింది ఇంటి పక్కన ఉన్న కొట్టంలో. మనం ఉన్నది తలుపులు బిగించిన పదడుగుల గదిలో.

గీయడం రానక్కర్లేదన్న మాటకు నాకు కోపం కంటే బాధ ఎక్కువ. ఇక్కడి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఇంజంబాక్కంలో 1966లో చోళమండలం కళాకారుల గ్రామాన్ని మొదలుపెట్టిన చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, అక్షరాలూ గుర్తులూ నిండిన ఆ నైరూప్య (ఆబ్‌స్ట్రాక్ట్) చిత్రాలకు రాకముందు ఏళ్ల తరబడి నీటిరంగుల్లో ప్రకృతి దృశ్యాలు వేశారు. డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ చెట్లను మళ్లీ మళ్లీ గీసి గీసి గీతల దాకా వచ్చాడు. అయితే ఆర్ట్ కాలేజీ డిగ్రీ ఉండాలని నేను అనను. మన చెన్నైలోనే అచ్యుతన్ కూడల్లూర్ ఇంజనీరు ఉద్యోగం చేస్తూ బొమ్మలు నేర్చుకుని అంత పేరున్న చిత్రకారుడయ్యారు. కావలసింది చూడటం. ఈ ఎరుపు పక్కన ఈ నీలం ఎందుకు ముందుకు వస్తోంది, ఇక్కడ ఖాళీ ఎందుకు వదలాలి అని కాసేపు ఆగి చూడటం. పది నిమిషాల్లో ఒంపేస్తే ఆ చూపు ఎక్కడ అలవడుతుంది?

తలకిందులు చేసి చూడమన్న మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. నేను కాదనబోయి ఆగిపోయాను. రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ ఒక సాయంత్రం ఇంటికి వచ్చేసరికి, పక్కకు ఒరిగించి ఉన్న తన చిత్రమే తనకు గుర్తుపట్టరానంత అందంగా కనిపించిందని ఆయనే రాసుకున్నాడు. నేనూ నెల రోజులుగా కుదరని ఒక కేన్వాస్‌ను, ఆ మెసేజ్ చదివిన రోజే తిప్పి పెట్టాను. పైన బరువుగా వేలాడుతున్న ముదురు ఆకుపచ్చ కిందికి దిగి, నేలలా నిలబడింది. రాత్రికి రాత్రే కొక్కెం విప్పి రెండో అంచుకు బిగించాను.