పద్దు లేని నత్రజని

గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. దాన్ని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియాగా మార్చే పద్ధతిని 1909లో ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలలో చూపగా, 1913లో కార్ల్ బాష్ కృషితో జర్మనీలోని ఓప్పావులో కర్మాగారం మొదలైంది. నేడు ప్రపంచ జనాభాలో దాదాపు సగం మంది తిండి ఆ రసాయనిక చర్య మీదే ఆధారపడి ఉంది. కనుక నత్రజని ఎరువును తిట్టిపోయడం తేలికే గానీ మానేయడం తేలిక కాదు. 2021లో రసాయనిక ఎరువుల దిగుమతిని ఉన్నపళంగా నిషేధించిన శ్రీలంక, వరి దిగుబడి దెబ్బతిని కొన్ని నెలలకే వెనక్కి తగ్గింది.

అయితే పొలంలో వేసిన నత్రజనిలో పంటకు చేరేది ప్రపంచ సగటున సగానికి అటూ ఇటూ మాత్రమే. మిగతాది మాయం కాదు, వేషం మారుస్తుంది. పైపాటుగా చల్లిన యూరియాలో కొంత అమ్మోనియాగా లేచి, వాహనాలు, విద్యుత్ కేంద్రాలు వదిలే వాయువులతో కలిసి ఊపిరితిత్తుల్లోకి దూరే సూక్ష్మ ధూళి అవుతుంది. కొంత నైట్రేట్‌గా భూగర్భ జలంలోకి ఇంకి, హద్దు మీరితే పసిబిడ్డల రక్తానికి ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గిస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో లీటరుకు 50 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. ఇంకొంత నైట్రస్ ఆక్సైడ్ అవుతుంది. వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువు కంటే 273 రెట్లు వేడి పెంచే ఈ వాయువు ఓజోన్ పొరనూ హరిస్తుంది.

వేషాలెన్నైనా మూలకం ఒక్కటే. ప్రభుత్వాలు మాత్రం ఎరువుల రాయితీని ఒక శాఖకు, తాగునీటిని మరో శాఖకు, గాలిని ఇంకో మండలికి పంచిపెట్టి ఊరుకున్నాయి. ఫలితంగా ఒకచోట పూడ్చిన గండి మరోచోట తెగుతోంది: పేడ ఎరువులోని అమ్మోనియా గాలిలో కలవకుండా నేలలోకి దించి, ఆ మేరకు మోతాదు తగ్గించకపోతే అదే నైట్రేట్‌గా నీటిలోకి దిగుతుంది.

డెన్మార్క్ రైతులు వాడిన ఎరువుకు ఏటా లెక్క చూపాలి. 1980ల మధ్యకాలం నుంచి అనుసరించిన ఇలాంటి విధానాలతో ఆ దేశం ఉత్పత్తిని పోగొట్టుకోకుండానే నీటిలోకి పోయే నత్రజనిని సుమారు సగానికి తగ్గించుకుంది. గింజలో మాంసకృత్తులు తగ్గుతున్నాయని రైతులు అభ్యంతరం చెప్పాక ఎరువు వాడకంపై పెట్టిన పరిమితులను కొంత సడలించింది కూడా. లెక్క ఉంది కాబట్టే ఆ బేరం సాధ్యమైంది. ఉదాసీనత ఖరీదును నెదర్లాండ్స్ 2019లో చవిచూసింది. అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం నత్రజనిని వెదజల్లే పనులకు ఇచ్చే అనుమతుల పద్ధతిని కొట్టివేయడంతో పశుశాలలే కాదు, రహదారుల, ఇళ్ల నిర్మాణాలూ ఆగిపోయాయి. దేశాభివృద్ధికీ నత్రజనికీ ముడి ఏమిటని అడిగేవారికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

పర్యావరణంలోకి వృథాగా పోయే పోషకాలను 2030 నాటికి కనీసం సగానికి తగ్గిస్తామని 2022 డిసెంబరులో కెనడాలోని మాంట్రియల్‌లో జరిగిన జీవవైవిధ్య సదస్సులో దేశాలు ఒప్పుకున్నాయి. దేనిలో సగం? ఎరువు, పశుపోషణ, మురుగునీరు, ఇంధన దహనాల ద్వారా ఎంత నత్రజని వస్తోందో, ఎంత ఏ రూపంలో కారిపోతోందో చెప్పే జాతీయ పద్దు లేకుండా ఆ ప్రశ్నకు జవాబు ఉండదు. ఆ పద్దును పర్యావరణ శాఖ అల్మారాకు వదిలేయకుండా, రాయితీల సొమ్ము చెల్లించే ఆర్థిక శాఖే ఏటా బడ్జెట్‌తో పాటు చట్టసభ ముందుంచాలి.