సబ్ రిజిస్ట్రారు రామారావు గారి పెన్షన్ కాగితాలు

నేనొక నవల రాశాను. మూడు వందల పేజీలు. అందులో నందమూరి తారక రామారావు గారు సబ్ రిజిస్ట్రారుగా ఉద్యోగంలో చేరి, సబ్ రిజిస్ట్రారుగానే రిటైరవుతారు. పబ్లిషరు చదివి ఫోన్ చేశాడు. "మాస్టారూ, హీరో ఎంట్రీ ఎప్పుడండీ?" అన్నాడు. "మొదటి పేజీలోనే వచ్చాడు కదయ్యా, కుర్చీలో కూర్చుని దస్తావేజు చదువుతున్నాడు" అన్నాను. అవతల కాసేపు మాట లేదు.

'అలా కాకుండా ఇలా జరిగి ఉంటే' అని రాసే ప్రత్యామ్నాయ చరిత్ర అనే ఉత్తమ సాహిత్య ప్రక్రియకు తెలుగునాట జరుగుతున్న ఈ అన్యాయాన్ని విజ్ఞుల దృష్టికి తేవడం నా విధి. ఇది నిన్నమొన్న పుట్టిన సరదా కాదు. అలెగ్జాండరు తూర్పుకు రాకుండా పడమటికి తిరిగి రోము మీద పడి ఉంటే ఎవరు గెలిచేవారో రెండు వేల ఏళ్ల కిందటే లివీ అనే చరిత్రకారుడు కూర్చుని లెక్కలు వేశాడు. లివీ రోమనే. ఎవరు గెలుస్తారని తేల్చాడో నేను చెప్పక్కర్లేదు. 1931లో చర్చిల్ దొరగారు అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది సేనాని లీని గెటిస్‌బర్గ్‌లో గెలిపించి ఒక వ్యాసం రాశారు. దాని పుణ్యాన ఇంగ్లిషు మాట్లాడే దేశాలన్నీ ఒక్కటై మొదటి ప్రపంచ యుద్ధాన్నే ఆపేస్తాయి. ఇక వియన్నా లలితకళల అకాడమీలో 1907లో ఒకసారి, 1908లో ఇంకోసారి సీటు రాని హిట్లరుకు సీటు ఇప్పించడం ఆ దేశాల రచయితలకు కుటీర పరిశ్రమ.

మనవాళ్లు రాయరు. టీ కొట్టు దగ్గర నోటితోనే కానిచ్చేస్తారు. 1969లో వి.వి. గిరి చేతిలో నీలం సంజీవరెడ్డి ఓడకపోయి ఉంటేనా అని ఒకరు మొదలుపెడితే, 1991లో ఎన్నికల్లో నిలబడకుండా, పుస్తకాలు సర్దుకుని హైదరాబాదు వచ్చేద్దామనుకున్న పి.వి. నిజంగానే వచ్చేసి ఉంటేనా అని ఇంకొకరు అందుకుంటారు. (వచ్చేసి ఉంటే ఇంకో నాలుగు అనువాదాలు చేసుకునేవారు. మనం ఫోన్ కనెక్షన్ కోసం ఇంకా వెయిటింగ్ లిస్టులో ఉండేవాళ్లం.) ఎన్ని కథలు అల్లినా నియమం మాత్రం ఒక్కటే. పెద్దాయన ఏ లోకంలోనైనా పెద్దాయనే. ముఖ్యమంత్రి కాకపోతే ప్రధానమంత్రి అవుతాడు, అదీ కాకపోతే పీఠాధిపతి అవుతాడు. గుమాస్తా మాత్రం అవడు.

నేను ఆ నియమం తప్పాను. ఆధారం లేకుండా తప్పలేదు. కాలేజీ నాటకంలో ఆడవేషానికి మీసం తియ్యనని భీష్మించి 'మీసాల నాగమ్మ' అనిపించుకున్న రామారావు గారు, 1947లో గుంటూరు జిల్లాలో సబ్ రిజిస్ట్రారు ఉద్యోగంలో నిజంగానే చేరారు. మూడు వారాల్లో మానేసి మద్రాసు వెళ్లిపోయారు. నా నవలలో మానెయ్యరు, అంతే. ఇంట్లోవాళ్లు "గవర్నమెంటు ఉద్యోగంరా, బంగారం లాంటిది" అంటే విన్నారు. అలా వినే కొడుకులు మన జిల్లాల్లో బోలెడుమంది.

తర్వాత చరిత్ర సాఫీగా నడిచింది. 1949లో 'మన దేశం'లో ఆ ఇన్‌స్పెక్టరు వేషం ఇంకెవరో వేశారు. 1982లో పార్టీ పుట్టలేదు. 1984 ఆగస్టులో ఆయన ప్రభుత్వాన్ని దించేసిన సంక్షోభం లేదు కాబట్టి ఎమ్మెల్యేలను బస్సుల్లో కర్ణాటక తరలించే అవసరం రాలేదు, క్యాంపు రాజకీయం అనే కళ మనకు అబ్బలేదు. మండలాలు లేవు, ఇప్పటికీ తాలూకాలే. ఊళ్లో కరణం గారు పదిలంగా ఉన్నారు.

ఇక్కడి దాకా నాకూ హుషారుగానే ఉంది. కానీ 1990లో జరిగే అధ్యాయం ఒకటి రాయాల్సి వచ్చింది. అన్నదమ్ములిద్దరు పొలం పంచుకోవడానికి రిజిస్ట్రారాఫీసుకొస్తారు. వాళ్ల చెల్లెలు కూడా వస్తుంది, టిఫిన్ క్యారియరు పట్టుకుని. మన లోకంలో అయితే 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ చట్టం వచ్చింది, అదీ ఆయన ప్రభుత్వంలోనే. నా నవలలో ఆ ప్రభుత్వమే లేదు. కాబట్టి ఆ అమ్మాయి వరండాలో బెంచీ మీద కూర్చుంది. లోపల వేలిముద్రలు పడుతున్నాయి. రెండుసార్లు తిరగరాశాను. లేవలేదు.

అందుకని రెండో ప్రతి మొదలుపెట్టాను. పార్టీ పెట్టించాలి, కానీ సబ్ రిజిస్ట్రారు పార్టీ ఎందుకు పెడతాడు? సర్వీసు రూల్సు తిరగేస్తే దారి దొరికింది. ఆయన పుట్టింది 1923 మే 28న. అప్పటి నిబంధన ప్రకారం 55 ఏళ్లకు, అంటే 1978 మేలో రిటైరయ్యారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 1979 అక్టోబరులో, ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 58 చేసింది! మూడేళ్ల జీతం పోయింది. ఏ పెన్షనరుకైనా పార్టీ పెట్టడానికి ఇంతకన్నా కారణం కావాలా? నిజ చరిత్రలో ఆయన అధికారంలోకి వచ్చిన నెలలోపే, తనకు అరవై దగ్గర పడుతుండగా, ఉద్యోగుల వయసు 58 నుంచి మళ్లీ 55కు దించారు. సమ్మెలు జరిగాయి, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, మరుసటి ఏడాదే మళ్లీ 58 అయింది. ఆ జీవో ఎందుకిచ్చారా అని తలపట్టుకున్న ప్రభుత్వోద్యోగులకు నా నవలలో తప్ప ఎక్కడా ఇంత సంతృప్తికరమైన సమాధానం దొరకదు.

అయితే ఓట్లు రాలేదు. రిటైరైన సబ్ రిజిస్ట్రారు ఖాకీ బట్టలు తొడుక్కుని, ఆర్టీసీ బస్సెక్కి ఊరూరా తిరిగితే ఎవరు గుర్తుపడతారు? కృష్ణుడి క్యాలెండరు మీద ఉన్నది వేరే మొహం. "నువ్వేనా మా పొలం కాగితాలు వారం తిప్పింది" అని ఒక ముసలాయన మాత్రం గుర్తుపట్టాడు. డిపాజిట్టు పోయింది. ఆ అమ్మాయి వరండాలోనే ఉంది.

పబ్లిషరు ఇదీ చదివాడు. "అభిమానులు ఊరుకోరు మాస్టారూ" అన్నాడు.

మూడో ప్రతిలో ఓడిపోయింది నేనే. మూడు వారాలు గడవగానే రామారావు గారి చేత రాజీనామా రాయించి మద్రాసు రైలెక్కించాను. ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే కాబట్టి నవల పదిహేను పేజీల్లో అయిపోయింది. పబ్లిషరు దాన్ని ఏదైనా కథల పోటీకి పంపుకోమన్నాడు.