సవరణ: జేమీ పీకాక్ తొమ్మిది టైటిళ్లు ఒక్క క్లబ్‌వి కావు

ఇంగ్లండ్ రగ్బీ లీగ్ ఫార్వర్డ్ జేమీ పీకాక్ మీద మొన్న పెట్టిన పోస్టులో, ఆయన గెలిచిన తొమ్మిది సూపర్ లీగ్ గ్రాండ్ ఫైనల్స్ (అగ్రశ్రేణి రగ్బీ లీగ్ పోటీలో ఏటా ఛాంపియన్‌ను తేల్చే చివరి మ్యాచ్‌లు) అన్నీ లీడ్స్ రైనోస్ తరఫునే అని రాశాను. అది తప్పు. సరిచూసుకోకుండా రాసింది నేనే.

ఒకరు అడిగాక ఏడాదివారీగా ఫైనల్ జట్ల రికార్డులు తీసి చూశాను. 2001, 2003, 2005 టైటిళ్లు బ్రాడ్‌ఫర్డ్ బుల్స్‌తో వచ్చాయి. లీడ్స్‌తో గెలిచినవి ఆరు: 2007, 2008, 2009, 2011, 2012, 2015. మొత్తం తొమ్మిదే, ఆ లెక్కలో మార్పు లేదు.

బ్రాడ్‌ఫర్డ్ రోజులను వదిలేస్తే పీకాక్ కథలో సగం పోయినట్టే. 2003లో ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ (సీజన్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే) అవార్డు అందుకున్నది ఆ జెర్సీలోనే. 2005 ఫైనల్లో బ్రాడ్‌ఫర్డ్ 15-6తో ఓడించింది కూడా లీడ్స్‌నే! ఆ మరుసటి సీజన్‌కే ఆయన తన సొంత ఊరి జట్టయిన లీడ్స్‌కు మారారు. పదేళ్ల తర్వాత, 2015లో విగాన్‌పై 22-20తో గెలిచిన ఫైనల్‌తో ఆ జట్టుకు వీడ్కోలు చెప్పారు.

పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను. షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా షేర్ చేయండి.