అలవాటు వేరు, ఇష్టం వేరు: 'అచ్చం మీలాగే నడిపే కారు' సందేశానికి జవాబు

ఈ మధ్య మా బంధువుల వాట్సాప్ గ్రూపులోనూ, కాలనీ గ్రూపులోనూ ఒకే సందేశం తిరుగుతోంది. సారాంశం ఇది: "దానంతటదే నడిచే కారంటే జనానికి భయం, ఎందుకంటే అది పరాయివాడిలా నడుపుతుంది. ఇకమీదట కారు కొన్నాళ్లు మిమ్మల్ని గమనించి, అచ్చం మీలాగే నడపడం నేర్చుకుంటుంది. ఇన్నేళ్లుగా మిమ్మల్ని కాపాడిన మీ అలవాట్లే మీకు సురక్షితం. కొన్ని కార్లలో ఇది ఇప్పటికే ఉంది. మన రోడ్లకు ఇదొక్కటే దారి." చదవగానే సబబుగానే తోస్తుంది. నాకు తెలిసిన ఇద్దరు దీన్ని నమ్మి కొత్త బండి చూస్తున్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నాను.

"మీలా నడిపితేనే మీకు నమ్మకం కుదురుతుంది."

2017లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు సరిగ్గా ఈ మాటనే పరీక్షించారు. 15 మందిని డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో (రోడ్డెక్కకుండానే తెర ముందు కారు నడిపే ఏర్పాటులో) కూర్చోబెట్టి ముందు వాళ్లచేతే నడిపించారు. తర్వాత ఇంకో రోజు పిలిచి రకరకాల డ్రైవింగ్‌లు చూపించారు. ఒకటి దూకుడుగా, ఒకటి నింపాదిగా, ఒకటి వేరొకరిది, ఒకటి ఆ మనిషి తాను నడిపిందే. చాలామందికి నచ్చింది తమ సొంత డ్రైవింగ్ కన్నా బాగా జాగ్రత్తగా ఉన్నదే. పైగా తమకు నచ్చినదాన్నే "ఇది నాది" అనుకున్నారు. నిజానికి వాళ్లది అంతకన్నా దూకుడైనది.

పదిహేను మంది అంటే చిన్న సంఖ్యే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఫలితం చదివినప్పుడు నాకు మా ఇంటి సంగతే గుర్తొచ్చింది. పోయిన సంక్రాంతికి విజయవాడ వెళ్తున్నాం. స్టీరింగ్ మా అబ్బాయి చేతిలో ఉంది. చిట్యాల దాటాక ముందొక లారీ, దాని వెనకాలే మేం. పక్క సీట్లో ఉన్న నా కుడికాలు తనంతట తానే కింద మ్యాట్‌ను నొక్కేస్తోంది, అక్కడేదో బ్రేకు ఉన్నట్టు. "దూరం ఉంచరా" అని రెండోసారి అనేసరికి వాడన్నాడు: "నాన్నా, నువ్వు నడిపేటప్పుడూ ఇంతే దూరం. నీ దగ్గరేగా నేర్చుకున్నా." వాడన్నది నిజం. నేను నడిపేటప్పుడు నాకు హాయిగా ఉన్న దూరమే, పక్కన కూర్చునేసరికి ప్రాణం మీదికొచ్చింది. నా అలవాటు ఒకటి, నా ఇష్టం ఇంకొకటి. ఆ సందేశం రాసినవారు ఈ రెంటినీ ఒకటే అనుకున్నారు. దానంతటదే నడిచే కారులో మనం ఏ సీట్లో కూర్చున్నా పక్క సీటు మనిషిమే కదా!

"మీ అలవాట్లే మీకు సురక్షితం."

నాకు అన్నిటికన్నా భయం కలిగించిన మాట ఇదే. కాస్త లెక్క వేద్దాం. గంటకు 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. ముందు బండికి ఒక్క సెకను దూరంలో వెళ్లే అలవాటు ఉన్నవాళ్లకు మధ్యలో ఉండేది 25 మీటర్లే. సడన్ బ్రేకు చూసి కాలు పెడల్ మీదికి రావడానికే దాదాపు ఒక సెకను పడుతుంది. మరి ఇన్నేళ్లుగా ఎలా నెట్టుకొచ్చాం? అలవాటుపడ్డ డ్రైవరు ముందు బండి ఒక్కదాన్నే చూడడు. దాని పక్కనుంచి ఆ ముందున్న బండి బ్రేకు లైటు చూస్తాడు, డివైడర్ సందులో దాటబోతున్న మనిషిని చూస్తాడు, లారీ కాస్త ఊగితే ఏదో ఉందని ముందే కాలు తీస్తాడు. ఆ ఒక్క సెకను వెనక ఇంత కాపలా ఉంది.

కారు మన దగ్గర కొలిచి నేర్చుకునేది దూరాన్ని, వేగాన్ని, బ్రేకు ఎంత గట్టిగా వేశామన్న దాన్ని. ఎక్కడ చూశాం, ఏం పసిగట్టాం అన్నది ఆ లెక్కల్లోకి రాదు. అంటే మన కాలిని కాపీ కొడుతుంది, కంటిని వదిలేస్తుంది. పైగా కారు నడుపుతున్నంతసేపూ మన చూపు సడలుతుంది. ఇప్పుడు మన దగ్గర అమ్ముడవుతున్న లెవెల్ 2 కార్లలో, అంటే స్టీరింగ్, వేగం కారే చూసుకున్నా మనం కనిపెట్టుకుని ఉండాల్సిన కార్లలో, ఏం జరిగినా బాధ్యత డ్రైవరుదే, కారు చేయలేకపోతే బ్రేకు మనమే వేయాలి. సడలిన చూపుతో, పెడల్ మీద లేని కాలితో ఆ పని చేయడానికి మామూలుకన్నా ఎక్కువ సమయం పడుతుంది. కాబట్టి మనం నడిపేటప్పుడు ఒక సెకను దూరం ఉంచుతుంటే, కారు నడిపేటప్పుడు అంతకన్నా పెంచాలి. అదే దూరాన్ని దానికి నేర్పితే ఉన్న కాపలా తీసేసినట్టే.

మన అలవాట్లు అంత మంచివేనా అన్నది ఇంకో సంగతి. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వాళ్లలో సుమారు 71 శాతం మరణాలు అతివేగం ఖాతాలోవే. ఆ వేగాలన్నీ ఎవరో ఒకరి అలవాట్లే. చనిపోయినవారిలో కాలినడకన వెళ్లేవాళ్లు, టూవీలర్ల మీద వెళ్లేవాళ్లు ఉన్నారు. నా కారు నా అలవాటు నేర్చుకుంటే నాకు సౌకర్యం కావచ్చు, రోడ్డు దాటే ముసలమ్మను మాత్రం ఎవరూ అడగలేదు.

"కొన్ని కార్లలో ఇప్పటికే ఉంది."

పేరు చెప్పకపోయినా, ఆ సందేశంలోని ఫొటో టెస్లాది. టెస్లాలో ఉన్నవి ముందే తయారుచేసి పెట్టిన రకాలు: 2021లో అవి చిల్ (నింపాది), యావరేజ్ (మామూలు), అసర్టివ్ (దూకుడు) అనే పేర్లతో వచ్చాయి. మనం ఒకటి ఎంచుకుంటాం, అంతే. కారు మనల్ని చూసి మనలా మారిపోవడం కాదది.

జనం అలవాటును కారుకు నేర్పితే ఏమవుతుందో కూడా అక్కడే తేలింది. స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆగకుండా మెల్లగా దొర్లించేయడం అమెరికాలో చాలామందికి అలవాటు. అక్కడున్న మనవాళ్లకు 'కాలిఫోర్నియా స్టాప్' అంటే తెలిసే ఉంటుంది. టెస్లా సాఫ్ట్‌వేర్ కూడా కొన్ని కూడళ్లలో గంటకు 9 కిలోమీటర్ల వేగం దాకా అలాగే దొర్లిపోయేది. చట్టప్రకారం అక్కడ ఆగి తీరాలి. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ జోక్యం చేసుకున్నాక, 2022 ఫిబ్రవరిలో 53,822 కార్లకు రీకాల్ (లోపం సరిదిద్దుతామన్న అధికారిక ప్రకటన) ఇచ్చి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో ఆ పద్ధతిని తీసేశారు. మనిషి చేస్తే చూసీ చూడనట్టు పోయే తప్పు, యాభై వేల కార్లు ఒకేలా చేస్తే లోపమవుతుంది.

"మన రోడ్లకు ఇదొక్కటే దారి."

ఇందులో సగం నిజం ఉంది. విదేశీ రోడ్ల మీద నేర్చుకున్న కారుకు మన ఆటోలూ, ఎదురుగా రాంగ్ రూట్‌లో వచ్చే బైకులూ, రోడ్డు మధ్యలో పడుకున్న గేదెలూ అర్థం కావు. కానీ దానికి జవాబు ఒక్కొక్కరి అలవాటు కాదు, మన రోడ్ల సమాచారం. ఆ పని హైదరాబాద్‌లోనే మొదలైంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్లు హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన వీడియోల నుంచి సుమారు 10,000 చిత్రాలను ఏది ఏమిటో గుర్తించి, కార్లకు నేర్పడానికి పనికొచ్చే ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌గా విడుదల చేశారు. కారుకు ఆటోను గుర్తుపట్టడం నేర్పడం వేరు, ఆటోకు సందివ్వని నా మొండితనం నేర్పడం వేరు.

ఇదంతా చదివి నేను సొంత సెట్టింగులకే వ్యతిరేకిని అనుకోవద్దు. ఎవరి ఒళ్లు వాళ్లది. మా అమ్మకు కారు ఒక్క కుదుపు కుదిపితే కడుపులో తిప్పుతుంది. ఆవిడ ఉన్నప్పుడు బ్రేకు మెత్తగా పడాలి, మలుపు నిదానంగా తిరగాలి. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లకు లేను మారే ముందు కారు అడిగితే బాగుంటుంది. ఇవన్నీ నోరు తెరిచి చెప్పుకునే ఇష్టాలు. వీటిని కారు తప్పకుండా వినాలి, ఎవరు కూర్చుంటే వాళ్ల మాట వినాలి. అయితే కింద ఒక గీత ఉండాలి, దాన్ని ఎవరి ఇష్టమూ దాటకూడదు. దానంతటదే లేనులో నడిచే కార్ల కోసం ఐక్యరాజ్యసమితి వేదిక 2020లో ఆమోదించిన నిబంధనల్లో అలాంటి గీత ఉంది: గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ముందు బండికి కనీసం 1.6 సెకన్లు, అంటే దాదాపు 27 మీటర్ల దూరం. దాన్ని పెంచితే తప్పులేదు, తగ్గించడం కుదరదు.

ఆ ఇద్దరు మిత్రులకూ ఇదే చెప్పాను. షోరూముకు వెళ్లినప్పుడు "ఇది నాలా నడుపుతుందా" అని అడగకండి. ముందు బండిని బట్టి వేగం సర్దుకునే క్రూయిజ్ కంట్రోల్‌లో, ముందు బండికి ఉంచే అన్నిటికన్నా తక్కువ గ్యాప్ ఎన్ని సెకన్లో అడగండి. టెస్ట్ డ్రైవ్‌లో సేల్స్ అబ్బాయిని నడపమని చెప్పి మీరు పక్క సీట్లో, ఇంట్లో పెద్దవాళ్లు వెనక సీట్లో కూర్చోండి. కారు తనంతట తాను బ్రేకు వేసిన ప్రతిసారీ మీ కుడికాలు ఏం చేస్తోందో చూసుకోండి.