ఫారం 26 గారికి ఓ ఓటరు ఫిర్యాదు

మహారాజశ్రీ ఫారం 26 గారికి,

ఉభయకుశలోపరి. నాయకుణ్ణి ఎంచుకోవడానికి మాకో పాత పద్ధతుంది. చౌరస్తాలో ఎవరి ఫ్లెక్సీ పెద్దదో చూస్తాం, వెనకాల ఎన్ని బళ్ళొస్తున్నాయో లెక్కపెడతాం, ఇంటిపేరు విని ‘మనవాడే’ అనుకుంటాం. ఐదు నిమిషాల్లో తేలిపోయే పని. 2002లో సుప్రీంకోర్టు తీర్పు పుణ్యమా అని మధ్యలో అభ్యర్థుల అఫిడవిట్ రూపంలో మీరొచ్చిపడ్డారు. నామినేషన్ వేసే ప్రతివాడి గుట్టూ ప్రమాణం చేయించి మరీ రాయించుకుని, ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఊరందరికీ చూపిస్తున్నారు. ఇదేం మర్యాదండీ?

కేసుల సంగతే తీసుకోండి. ‘అన్న మీద 12 కేసులు’ అంటే చాలు, దాని మీదే మేం రెండు వర్గాలై కొట్టుకోగలం. మీరు అంకెతో ఊరుకోరు. ఎఫ్ఐఆర్ నంబరు, స్టేషను, కోర్టు, సెక్షన్లు, కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా, అన్నిటికీ గడులు గీశారు. తీరా చదివితే ఒకాయనవి పన్నెండూ ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 188, 341. అంటే ఆంక్షలు లెక్కచెయ్యక రోడ్డు మీద బైఠాయించినవి. ఇంకొకాయనది ఒక్కటే, కానీ 420, పైగా అభియోగాలు కూడా నమోదయ్యాయి. ఇన్నాళ్ళూ పన్నెండంటే ఒకటి కన్నా ఎక్కువనుకున్నాం. (2024 జులై నుంచి మోసానికి ఐపీసీ బదులొచ్చిన కొత్త న్యాయ సంహితలో 318 వాడుతున్నారట. మనిషిని హాయిగా ‘ఫోర్ ట్వంటీ’ అని తిట్టుకునే సుఖం కూడా పోయింది.)

ఆస్తుల పేజీ ఇంకా ఘోరం. స్థలం ఎప్పుడు కొన్నాడు, ఎంతకు కొన్నాడు, ఇప్పుడెంత. భార్యకో గడి, బంగారానికి బరువు, ఐదేళ్ళ ఐటీ రిటర్నుల్లో చూపిన ఆదాయం. 2019 కాగితాన్నీ 2024 కాగితాన్నీ ఎవడైనా పనిలేనివాడు పక్కపక్కన పెట్టాడంటే కొంప మునిగినట్టే. పాత పొలానికి ధర పెరగడం వేరు, కొత్త సర్వే నంబర్లు మొలవడం వేరు. ఆ ఐదేళ్ళ ఆదాయమంతా కూడినా కొత్త స్థలం రిజిస్ట్రేషన్ ఖర్చుకు చాలకపోతే మేమేం చెప్పుకోవాలి? వేరు కాపురం పెట్టిన కొడుకు ‘ఆధారపడినవాడు’ కాడు గనక వాడి పేరిట ఉన్నవి మీరు అడగరు. అక్కడ మాత్రం మర్యాద తెలిసినవారే.

గడి ఖాళీగా వదలకూడదని 2013లో సుప్రీంకోర్టు అంది. మావాళ్ళు ‘నిల్’, ‘వర్తించదు’ రాయడం వెంటనే నేర్చేసుకున్నారు. రిటర్నింగ్ అధికారి గడి నిండిందో లేదో చూస్తాడు గానీ, నిండింది నిజమో కాదో తవ్వడు. అబద్ధమని కోర్టులో తేలితే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో. తేలేలోపు పదవీకాలం అయిపోవచ్చనుకోండి.

2020లో సుప్రీంకోర్టు వల్ల పార్టీలకూ ఓ చిక్కొచ్చింది. కేసులున్నవాడికి టికెట్ ఎందుకిచ్చారో పేపర్లో వేయించాలట, ‘గెలుపు గుర్రం’ అన్న ఒక్క కారణం చెల్లదట. గుర్రం కాకపోతే మరేం చూసి ఇస్తారండీ టికెట్?

అంచేత పోలింగయ్యేదాకా తమరు కాస్త కనబడకుండా ఉండాలని మనవి.

ఇట్లు,
తమరిని ఒక్కసారీ తెరిచి చూడని ఓటరు

తా.క.: అవతలి పార్టీవాడి అఫిడవిట్ మాత్రం వాట్సాప్‌లో పంపించండి. సెక్షన్లతో సహా.