వంకాయరంగు వేళ్ల పత్రికకు ఒక ఉత్తరం

మహారాజశ్రీ ఆల్టర్ ఈగో పత్రిక గారికి,

ఉభయకుశలోపరి. నమస్కరించి వ్రాయునది ఏమనగా... ఇంతకంటే గౌరవంగా సాగదీయడం నా వల్ల కాదు. నీకు అరవై దాటాయి, నిజమే. కానీ సూపర్ హీరోల కామిక్స్ మీద అభిమానులు చేత్తో చేసుకున్న పత్రికవు నువ్వు. ఒంటికి వయసొచ్చినా మనసు మాత్రం ఏడేళ్ల దగ్గరే ఆగిపోయింది. ఏడేళ్లవాళ్లను మీరు అని పిలవడం నాకు అలవాటు లేదు.

నీ మీద నాకో ఫిర్యాదు ఉంది. నిన్నందరూ పత్రిక అంటారు. అమెరికాలో కామిక్స్ అభిమానులను ఒక్కచోటికి చేర్చిన ఘనత నీదేనని దండలు వేస్తారు. నీ పుట్టుపూర్వోత్తరాలు తిరగేశాక నాకు అర్థమైంది ఏమిటంటే, నువ్వు పత్రికవి కాదు, అర్జీవి. ఒక పెద్దమనిషి తన చిన్నప్పటి బొమ్మలు తనకు తిరిగి ఇప్పించమని పెట్టుకున్న అర్జీవి. ఊరికే కవర్లో పెట్టి పంపితే చెత్తబుట్టలో పడేస్తారని, పైన సంచిక నంబరు వేశారు. అంతే తేడా.

ఆ పెద్దమనిషి పేరు జెర్రీ బెయిల్స్. డెట్రాయిట్‌లో వేన్ స్టేట్ యూనివర్సిటీలో సైన్సు పాఠాలు చెప్పేవాడు. 1940లో ఆల్ స్టార్ కామిక్స్‌లో జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికా మొదలైనప్పుడు ఆయనకు ఏడేళ్లు. ఎవరి కథ వాళ్లది అన్నట్టుండే హీరోలను అందరినీ తెచ్చి ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టిన కథ అది. 1951లో 57వ సంచికతో ఆ బల్ల ఎత్తేశారు. తర్వాతి సంచిక నుంచి అదే పుస్తకంలో కౌబాయ్‌లు గుర్రాలెక్కి తిరిగారు. మామూలు మనిషైతే రెండ్రోజులు దిగులుపడి, మూడో రోజు మర్చిపోతాడు. బెయిల్స్ చదువుకున్నాడు, డాక్టరేట్ చేశాడు, ఉద్యోగంలో చేరాడు. ఆ కుర్చీలు ఖాళీగా ఎందుకున్నాయన్న బాధ మాత్రం వదల్లేదు.

వదలకపోగా, ఆ కథలు రాసిన గార్డ్‌నర్ ఫాక్స్‌ను పట్టుకుని, ఆయన బైండు చేయించి దాచుకున్న సొంత ప్రతులను కొనేశాడు. రచయిత ఇంట్లోంచి రచనలనే ఎత్తుకెళ్లిన పాఠకుడు! డబ్బిచ్చాడు కాబట్టి దొంగతనం అనలేం. 1960లో మిస్సోరి రాష్ట్రం నుంచి రాయ్ థామస్ అనే కుర్రాడు అదే ఫాక్స్‌కు ఉత్తరం రాసి, పాత ఆల్ స్టార్ సంచికలు ఏమైనా అమ్ముతారా అని అడిగాడు. ఫలానా బెయిల్స్‌కు అమ్మేశానని జవాబొచ్చింది. కుర్రాడు వెంటనే బెయిల్స్‌కు రాశాడు. ఒకరి దగ్గర పుస్తకాలు, ఇంకొకరి దగ్గర ఆకలి. ఈడూజోడూ ఇలా కుదరాలంటే పెట్టి పుట్టాలి.

1961 ఫిబ్రవరిలో బెయిల్స్ న్యూయార్క్ వెళ్లి, అప్పటికే ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి ప్రాణం తోడేస్తున్న, ఆ కామిక్స్ వేసే డీసీ సంస్థ ఎడిటర్ జూలియస్ ష్వార్జ్‌ను ఎదురుగా కలిశాడు. 1956లో ఫ్లాష్ అనే పాత హీరోకు కొత్త బట్టలు కుట్టించి, 1960లో జస్టిస్ లీగ్ పేరుతో ఆ పాత బల్లకే కొత్త పాలిష్ కొట్టించిన మనిషి ఈయనే. ఇంకోడైతే వాచ్‌మన్‌ను పిలిచేవాడు. ష్వార్జ్ మాత్రం సైన్స్ ఫిక్షన్ అభిమానులు సొంతంగా వేసుకునే పత్రికలు తీసి చూపించాడు. ఎందుకు చూపించడు? 1932లో మార్ట్ వైసింగర్‌తో కలిసి ది టైమ్ ట్రావెలర్ అనే అభిమాన పత్రిక వేసినవాడు ఆయనే కదా. ఇద్దరూ ఆ తానులో ముక్కలే. జస్టిస్ లీగ్ కోసం చిన్న సమాచార పత్రం ఏదో వేద్దామనుకున్న బెయిల్స్, తిరిగొచ్చేసరికి పూర్తి పత్రికే వేయాలన్న పట్టుదలతో దిగాడు. మార్చిలో నువ్వు పుట్టావు.

నీ గొప్పలు చెప్పేవాళ్లు ఆ మెషీన్ దగ్గరకొచ్చేసరికి గబగబా దాటేస్తారు. నేను దాటను. దాని పేరు స్పిరిట్ డూప్లికేటర్. పైన తెల్ల కాగితం, కింద రంగు మైనం పూసిన షీటు. పైన టైపు కొడితే కింది మైనం కాగితం వీపుకు అంటుకుంటుంది, అద్దంలో చూసినట్టు అక్షరాలన్నీ తిరగబడి. దాన్ని డ్రమ్ముకు చుట్టి పిడి తిప్పుతుంటే, స్పిరిట్‌తో తడిసిన ఖాళీ కాగితాలు ఒకదాని వెనక ఒకటి దానికి ఒరుసుకుంటూ పోయి, తలా కాస్త రంగు అంటించుకుని బయటికొస్తాయి. ఆ రంగు చాలావరకు వంకాయరంగే. తప్పు పడితే రబ్బరు పనికిరాదు, బ్లేడుతో మైనం గోకి ఆ చోట మళ్లీ కొట్టాలి. హీరో బొమ్మ గీసేటప్పుడు చెయ్యి జారిందా, ఆయన దవడ ఆ సంచికంతా అలా వంకరగా ఉండాల్సిందే. ఇక అసలు తమాషా ఏమిటంటే, ప్రతి కాపీతోనూ మూలంలో రంగు తరిగిపోతుంది. మొదట తీసినవాటిలో హీరో నిండుగా ఉంటాడు. పోనుపోను కండలు కరుగుతాయి, తర్వాత అంగీ వెలిసిపోతుంది. ఆఖర్న చందా కట్టినవాడికి అందరూ అదృశ్య వీరులే.

మాస్కు వెనక అసలు పేరు దాచుకునే వీరుల మీద నీ ధ్యాసంతా. నీ పేరుకు అర్థం కూడా అదే, మనిషిలోని రెండో మనిషి. తీరా నిన్ను అచ్చు వేసినవాడు మర్నాడు క్లాసులో చాక్‌పీసు పట్టుకుంటే వేళ్లన్నీ వంకాయరంగులో ఉండి ఉంటాయి. స్పిరిట్ వాసన సరేసరి. ఇంత బాహాటమైన రహస్య జీవితం ఏ హీరోకూ ఉండదు.

తొలి సంచికలోనే రాయ్ థామస్ జస్టిస్ లీగ్‌ను వెక్కిరిస్తూ బెస్టెస్ట్ లీగ్ ఆఫ్ అమెరికా అనే పేరడీ బొమ్మల కథ వేశాడు. ఇది నాకు నచ్చింది, ఒప్పుకుంటున్నాను. దణ్ణం పెడుతూనే నాలుక బయటపెట్టడం భక్తుల్లో అందరికీ చేతకాదు. ఇంతలో ష్వార్జ్ ఇంకో పని చేశాడు. తన కామిక్స్‌లో పాఠకుల ఉత్తరాల కింద పేరూ ఊరే కాక పూర్తి చిరునామా వేయడం మొదలుపెట్టాడు. అదెంత పనో ఆయన ఊహించాడో లేదో. అప్పటిదాకా ప్రతి పిచ్చివాడూ ఈ లోకంలో తనొక్కడికే ఈ పిచ్చి అనుకుని గుట్టుగా ఉన్నాడు. ఇప్పుడు తెలిసింది, పక్క ఊళ్లో ఇంకొకడు ఉన్నాడని, వాడి వీధీ ఇంటి నంబరూ ఫలానా అని. ఇక ఆగుతారా?

1963లో నీ అర్జీ మంజూరైంది. ఫ్లాష్ 137వ సంచికలో జస్టిస్ సొసైటీ తిరిగొచ్చింది. ఆ వేసవిలోనే జస్టిస్ లీగ్‌తో కలిసి రెండు సంచికల కథలో ఆడింది. పన్నెండేళ్ల తర్వాత ఆ కుర్చీలు నిండాయి. అర్జీ మంజూరైతే కాగితం ఫైల్లో పెట్టేసి ఇంటికెళ్లాలి కదా? వెళ్లలేదు. ఒక కోరిక తీరితే వంద కోరికలు మొలుస్తాయని నిరూపించావు. బెయిల్స్ అయితే నువ్వు పుట్టిన 1961లోనే అమ్మకాలూ కొనుగోళ్ల ప్రకటనల కోసం ఒకటి, రాబోయే కామిక్స్ కబుర్ల కోసం ఒకటి, ఇంకో రెండు పత్రికలు కూడా మొదలుపెట్టి, నిన్ను నాలుగు సంచికల తర్వాత రాన్ ఫాస్ చేతుల్లో పెట్టాడు. ఏడో సంచికకు నువ్వు రాయ్ థామస్ ఒళ్లోకి చేరావు.

ఆయన సంగతే నాకు మరీ విడ్డూరం. హైస్కూల్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే ఆ మనిషికి యూనివర్సిటీలో విదేశీ వ్యవహారాలు చదువుకోమని ఫెలోషిప్ వచ్చింది. దాన్ని పక్కన పడేసి 1965లో న్యూయార్క్ వచ్చి, డీసీలో వైసింగర్ దగ్గర చేరాడు. పై పేరాల్లో చెప్పిన వైసింగరే. పాత అభిమాని కదా, కొత్త అభిమానిని కడుపులో పెట్టుకుంటాడనుకుంటాం. రెండు వారాలు గడిచేసరికి థామస్ మార్వెల్‌లో స్టాన్ లీ దగ్గర తేలాడు. కోడలి బాధలు తెలిసిన అత్తే అసలైన అత్త అని ఊరికే అనుకోరు! 1972కల్లా అక్కడ ప్రధాన సంపాదకుడయ్యాడు. 1975లో మార్వెల్‌లో యుద్ధకాలపు హీరోలతో ది ఇన్‌వేడర్స్ మొదలుపెట్టాడు. 1981లో మళ్లీ డీసీకి వచ్చి, జస్టిస్ సొసైటీ కాలానికే వెళ్లి ఆల్ స్టార్ స్క్వాడ్రన్ రాశాడు. అర్జీ పెట్టినవాడే గుమాస్తా అయి, ఆఫీసరై, తన అర్జీ మీద తనే మంజూరు అని సంతకం చేసుకున్నాడు. లంచం అడిగే నాథుడే లేడు.

పత్రికగా నీ ఆరోగ్యం సంగతి అడక్కపోవడమే మేలు. పదో సంచిక 1969లో, పదకొండోది 1978లో. మధ్యలో తొమ్మిదేళ్లు. చందాదారులు ఆ తొమ్మిదేళ్లూ పోస్ట్‌మన్‌ను ఏ ముఖం పెట్టుకుని చూశారో. తర్వాత మళ్లీ సమాధి. 1999లో టూమారోస్ ప్రచురణ సంస్థ తలుపు తట్టగానే లేచి కూర్చున్నావు. కామిక్స్‌లో ఎవరూ శాశ్వతంగా చావరన్న మాట హీరోలకే అనుకున్నాను, పత్రికలకు కూడా వర్తిస్తుందన్నమాట.

ఒక్క విషయంలో మాత్రం నిన్ను వెక్కిరించలేను. ఆ రోజుల్లో చాలా కామిక్స్‌లో ఎవరు రాశారో, ఎవరు గీశారో ఉండేది కాదు. మీవాళ్లు బొమ్మలో ముక్కు గీసిన తీరు చూసి, చొక్కా మడతలు చూసి, ఇది ఫలానావాడి చెయ్యి అని తేల్చేవాళ్లు. బెయిల్స్ చిత్రకారులకూ రచయితలకూ ఉత్తరాలు రాసి, ప్రశ్నలు పంపి, వివరాలు పోగేసి, 1973 నుంచి 1976 వరకు నాలుగు సంపుటాల నామావళి అచ్చు వేశాడు. 1965లో న్యూయార్క్‌లో కామిక్స్ అభిమానుల సమావేశానికి వచ్చిన రచయిత బిల్ ఫింగర్ కథ విని, బ్యాట్‌మన్ సృష్టిలో ఈయన వాటా ఎంతో బాహాటంగా రాసిందీ బెయిల్సే. దాంతో బ్యాట్‌మన్‌ను తానొక్కడే పుట్టించానని చెప్పుకునే బాబ్ కేన్‌కు ఒళ్లు మండి, నీ చెల్లెలి వరసైన బ్యాట్‌మేనియా పత్రికకు పేజీలకు పేజీలు బహిరంగ లేఖ రాశాడు. అంటే అభిమాన పత్రికల మీద అలిగి ఉత్తరం రాయడం నాతో మొదలు కాలేదు, నాకంటే పెద్దవాళ్లు ఉన్నారు. ఫింగర్ 1974లో పోయాడు. సృష్టికర్తల వరసలో అధికారికంగా ఆయన పేరు చేరింది 2015లో. ఇది కూడా నువ్వూ నీ చుట్టాలూ పెట్టిన అర్జీయే, యాభై ఏళ్లు నలిగిన అర్జీ. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు.

నవ్వొచ్చే సంగతికి వద్దాం. కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయని 1954లో పుస్తకం రాసి, దేశమంతా గగ్గోలు పుట్టించిన మానసిక వైద్యుడు ఫ్రెడ్రిక్ వర్థమ్ గుర్తున్నాడా? అదే మనిషి 1973లో మీలాంటి అభిమాన పత్రికలను మెచ్చుకుంటూ ఏకంగా ఒక పుస్తకం రాశాడు. తిట్టినవాడి చేతే పొగిడించుకున్నారు. ఏం మందు పెట్టారో ఏమో!

ఇక డబ్బు. పాత సంచికలు ఇచ్చిపుచ్చుకోవడానికి మీరు వేసుకున్న చిన్నచిన్న ప్రకటనలు ఎక్కడికి దారితీశాయో చూశావా? 1938లో పది సెంట్లకు అమ్మిన యాక్షన్ కామిక్స్ తొలి సంచిక కాపీ ఒకటి 2014లో 32 లక్షల డాలర్లు పలికింది. దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు వేశారు. చదవాలంటే డబ్బా పగలగొట్టాలి, పగిలితే ధర పోతుంది. చదవడానికి పెట్టిన అర్జీ ఆఖరికి చదవకుండా ఉండే దగ్గర తేలింది.

నీ కొత్త అవతారం ఇప్పటికే వంద సంచికలు దాటింది, 2007లో కామిక్స్ రంగంలో ఇచ్చే ఐస్నర్ అవార్డు కూడా కొట్టింది. లోపల ఏముంటుంది? పాత కామిక్స్ గురించి వ్యాసాలు. ఆ కామిక్స్ గురించి వెనకటికి అభిమానులు వేసిన పత్రికల గురించి వ్యాసాలు. ఫాసెట్ అనే పాత సంస్థ కామిక్స్ అభిమానుల పత్రిక ఎఫ్‌సీఏను కూడా నీ కడుపులోనే పెట్టుకున్నావు. మధ్యమధ్య ఎప్పుడో పెన్సిల్ పక్కన పెట్టేసిన ముసలాయన ఎవరో, ఫలానా పేజీ మీరే గీశారా అంటే, ఏమో బాబూ, అద్దె కట్టడానికి గీశాను, గుర్తు లేదు అంటుంటారు. అడిగినవాడికి మాత్రం ఆ పేజీ నంబరుతో సహా గుర్తు. ఆ తర్వాత సంతాపాల పేజీ. 2006లో ఆ పేజీలోకి బెయిల్స్ కూడా వెళ్లిపోయాడు. ఇన్ని అర్జీలు గెలిచావు, ఈ ఒక్కటి ఎవరికి పెట్టాలో నీకూ తెలియదు. అందుకేనేమో, పోకముందే అందరినీ అడిగి రాసి పెట్టుకోవాలని ఆ కంగారు.

ఉంటాను.

ఇట్లు,
చందా కట్టని ఒక పాఠకుడు

తా.క.: దీన్ని నీ ఉత్తరాల పేజీలో వేసేటట్టయితే పేరూ ఊరూ వేసి ఊరుకోవద్దు. ష్వార్జ్ వేసినట్టు చిరునామా మొత్తం వెయ్యి, వీధీ ఇంటి నంబరుతో సహా. ఎవరైనా రాస్తారేమో చూద్దాం.