రెండంగుళాల తేడా ఉన్న కవల పడవలకు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, ఒక షోరూం ఆవరణలో పక్కపక్కనే ట్రైలర్ల మీద కూర్చుని ఉన్న ఒకటో నంబరు అల్యూమినియం పడవ గారికీ, రెండో నంబరు అల్యూమినియం పడవ గారికీ, నెల్లూరు జిల్లా కావలి నుంచి నమస్కరించి రాయునది.

ఇక్కడ నా నడుము తప్ప మేమంతా క్షేమం. మీరు క్షేమమేనని వేరే చెప్పక్కర్లేదు. ఇంకా ఎవరూ కొనలేదు కాబట్టి ఒంటి మీద గీత కూడా పడి ఉండదు.

ముందుగా ఒక విన్నపం. ఈ ఉత్తరంలో ఒకటో నంబరు గారిని అనాల్సిన మాట రెండో నంబరు గారిని అని ఉంటే మన్నించాలి. మూడు వారాల పాటు రోజూ మీ ఫొటోలు చూశాను. పెద్దవి చేసి చూశాను, కళ్ళజోడు మార్చి చూశాను. ఇప్పటికీ మీలో ఎవరు ఎవరో చెప్పలేను. మా ఇంటామె మొదటి రోజే ఫోను ఇటు తిప్పి అటు తిప్పి, "ఒకే పడవని రెండు పక్కల నించి తీశాడేమో, సరిగ్గా అడగండి" అంది. ఆ రోజే అడిగి ఉండాల్సింది.

మీకు తెలిసిందే, మా అక్క కొడుక్కి అక్కడ ఇల్లయింది, కారయింది, ఇక పడవ మిగిలింది. కారు నంబరు ప్లేటు మీదే పదివేల సరస్సులని రాసుకునే రాష్ట్రంలో పడవ లేకపోతే ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని వాడి బెంగ. "మామా, తాతది పడవల ఇల్లు కదా. నువ్వు ఏది చెప్తే అదే ఫైనల్" అన్నాడు. ఆ "ఫైనల్" అనే మాట దగ్గరే నేను పడిపోయాను. మా నాయన తెప్ప మీద వేటకు పోయిన మాట నిజమే. నేను మాత్రం లెక్కల పుస్తకాలే పట్టుకున్నాను, చుక్కాని పట్టుకుని ముప్పై ఏళ్ళయింది. అయినా అడిగినవాడు మేనల్లుడు, అడిగింది పడవ గురించి. తెలియదని ఎట్లా అంటాం?

వెంటనే చెప్పాను, "ఫైబర్ బోటు తీసుకోరా" అని. సునామీ తర్వాత మా వైపు తెప్పలు పోయి అవే కదా వచ్చింది. వాడు నవ్వాడు. "మామా, ఇక్కడ ఒడ్డంతా రాళ్ళు. ఫైబర్ అయితే చిట్లుద్ది. అల్యూమినియం అయితే సొట్ట పడుద్ది, అంతే. పైగా తేలిక, కారు వెనకాల తగిలించుకోని పోవచ్చు." సరే, తెలివైన మాటే. అల్యూమినియం అంటే మాకు సత్తు గిన్నె. చింతపండు పులుసు కూడా సత్తు గిన్నెలో పెట్టనివ్వదు మా అమ్మ, అట్లాంటి లోహాన్ని నీళ్ళ మీదికి ఎట్లా తోలుతావని నా టెన్షన్ నాది. ఉప్పునీళ్ళలో దానికి రాగి తగిలితే తినేస్తుంది, అడుగుకి రాగి కలిసిన రంగు కూడా వెయ్యకూడదు అని రాత్రంతా చదివి మరీ చెప్పాను. "మంచినీళ్ళ చెరువు మామా" అన్నాడు. నా మొదటి ఓటమి అది.

ఇక మీ సంగతికొస్తాను. పొడవు మీ ఇద్దరికీ పదహారడుగులే. అమరం దగ్గర, అంటే వెనక కొసన, మోటారు తగిలించే పలక ఎత్తు ఇద్దరికీ ఇరవై అంగుళాలే, కాబట్టి ఇరవై అంగుళాల షాఫ్టు మోటారు ఎవరికైనా సరిపోతుంది. పెట్టుకోదగ్గ మోటారు ఇద్దరికీ యాభై హార్స్‌పవరే. మనుషులు ఇంతమందే, బరువు ఇంతే అని మీ ఒంటి మీద రేకు ముక్క కొట్టి ఉంటుంది చూశారూ, దాంట్లో అంకెలు కూడా ఒకటే. రవాణా ఖర్చనీ, సిద్ధం చేసి ఇచ్చే ఖర్చనీ షోరూం వాళ్ళు కలిపే వడ్డనలన్నీ కలిపాక ధరలో తేడా ఒక పూట హోటల్ భోజనం. కప్పులు పెట్టుకునే గుంటలు మాత్రం ఒకరికి నాలుగు, ఇంకొకరికి ఆరు. సముద్రం మీద చద్దన్నం మూట కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్న మనిషి మనవడు ఈ గుంటల గురించి నాతో ఇరవై నిమిషాలు మాట్లాడాడు.

ఒకరు రివెట్లు కొట్టినవారు, ఇంకొకరు వెల్డింగ్ చేసినవారు. ఇది పెద్ద తేడానే అనుకుని సంబరపడ్డాను. చదివితే ఏముంది? అలలకు దబదబా కొట్టుకుని కొన్నేళ్ళకు రివెట్లు వదులై నీళ్ళు ఊరుతాయంట, కానీ బిగించుకోవడం తేలిక. వెల్డింగ్ అయితే ఊరదు, కానీ పగిలితే దాన్ని అతికే పనివాడు దొరకాలి. అంటే రోజూ కొంచెం ఏడవడమా, ఒకేరోజు బాగా ఏడవడమా అని. మా పెదనాన్న కొడుకుని అడుగుదామని జువ్వలదిన్నె పోయాను. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మోటారు బోట్లకు వేట నిషేధం కదా, తీరిగ్గా నీడన కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. ఫోన్లో మిమ్మల్నిద్దరినీ చూపించాను. తల కూడా పూర్తిగా ఎత్తలేదు. "చవగ్గా వచ్చేది తీసుకోమను. ఎక్కింది ఏ పడవలోకో చేపకి తెలస్తదా?"

ఈ తీర్పు మేనల్లుడికి చెప్పాను. "అట్లా కాదు మామా, వెడల్పులో తేడా ఉండాది" అన్నాడు.

వెడల్పు. ఇదిగో, నా నడుము విరిచింది ఇదే. ఒకటో నంబరు గారు 76 అంగుళాలు, రెండో నంబరు గారు 78. ఆ రెండంగుళాలకు పడవ ఎంత నిలకడగా ఉంటుందో, కూర్చుంటే ఎంత ఇరుకో నేను "ఫీల్" అయి చెప్పాలంట. ఎనిమిదివేల మైళ్ళ అవతల ఉండి ఫీలవ్వాలి. దాంతో పోయిన ఆదివారం మధ్యాహ్నం, మామిడికాయ వేసిన చేపల పులుసు సగంలో వదిలి, టేపు పట్టుకుని మిద్దె ఎక్కాను. ఏప్రిల్ ఎండ. గచ్చు మీద అరికాలు ఆనడం లేదు. బక్కెట్లతో నీళ్ళు పోసి చల్లార్చి, అది ఆరేదాకా నిలబడి, ముగ్గుపిండితో మిమ్మల్నిద్దరినీ గీశాం. కొలతలు నావి, గీత మా ఇంటామెది. అణియం దగ్గర, అంటే ముందు కొసన, ఆమె చెయ్యి దానంతట అదే మెలిక తిరిగి తామరపువ్వు వెయ్యబోయింది, ఆపాను.

గీశాక చూస్తే 76 అంగుళాల పడవే వెడల్పుగా ఉంది. మళ్ళీ కొలిచాను. ముగ్గు గీతే అర అంగుళం లావు. అటు గీత, ఇటు గీత, మధ్యలో ఆమె వేలి వణుకు, అన్నీ పోతే మీ ఇద్దరి మధ్య ఉన్న ఆ మహత్తర వ్యత్యాసం ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. అయినా వదల్లేదు. నేను, ఆమె, ఇద్దరు పిలకాయలు, బట్టలు తీసుకోవడానికి వచ్చిన పక్కింటి పెద్దాయన, ఐదుగురం ముందు ఒకటో నంబరు గారిలో కూర్చున్నాం. లేచి రెండో నంబరు గారిలోకి మారి కూర్చున్నాం. పెద్దాయనకు మోకాళ్ళ నొప్పి. రెండోసారి లేవలేక అక్కడే ఉండిపోయి, "సంక్రాంతి పోయి మూడు నెల్లయింది, ఇప్పుడు రథం ముగ్గేంది నాయనా?" అని అడిగాడు. ఏమని చెప్పను? చిన్నోడు అణియం దగ్గర నిద్రపోయాడు. కింద పులుసు చల్లారింది.

మీ వెనకాల తగిలించే మోటారు కథ మీకు తెలుసో లేదో. 1906 ఎండాకాలంలో, మీ పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో, ఓలె ఎవిన్‌రూడ్ అనే ఆయన ప్రియురాలు అడిగిందని పడవలో తెడ్డేసుకుంటూ పోయి ఐస్‌క్రీం తెస్తుంటే దారిలోనే కరిగిపోయిందంట. ఆ ఉక్రోషంతో మోటారు తయారు చేసి 1909లో అమ్మకానికి పెట్టాడు. ఆయన కరిగిన ఐస్‌క్రీంకి అంత పని చేశాడు. నేను చల్లారిన పులుసుకి ఈ ఉత్తరమైనా రాయకూడదా?

ఆ రాత్రి ఫోన్లో "78 తీసుకోరా, మోకాళ్ళున్న వాళ్ళకి బాగుంటది" అని చెప్పాను. సూపర్ మామా అన్నాడు. ఫైనల్ అన్నాడు.

ఈ పొద్దున వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. తెల్లటి పడవ. పక్కన మావాడు, నల్ల కళ్ళద్దాలు. కింద మెసేజి: "రెండూ ఒకేలా ఉండాయి మామా, తేల్చుకోలేకపోయా. ఇది తీసుకున్నా. ఫైబర్. నువ్వు ఫస్ట్ రోజే చెప్పావు కదా!"

ఒడ్డున రాళ్ళు ఏమైనాయిరా? చిట్లదా ఇప్పుడు?

వాణ్ణి ఏమీ అనలేను, అక్క బాధపడుతుంది. అందుకే మిమ్మల్ని అంటున్నా. సిగ్గుండాల మీకు! పదహారడుగుల ఒళ్ళు పెంచుకున్నారు కదా, ఒక్క మనిషి గుర్తుపట్టేలా ఒక్క గుర్తన్నా పెట్టుకోలేకపోయారా? మా నాయన తెప్పకి దుంగ కొనాలంటే వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి, ఐదు నిమిషాల్లో తేల్చేవాడు. వేట నుంచి రాగానే తాళ్ళు విప్పి దుంగలు ఆరబెడితే, ఏ దుంగ ఏ తెప్పదో మా వీధిలో పసిపిల్లలు చెప్పేవాళ్ళు. మీరేమో వాల్ఐ అనే మంచినీళ్ళ చేపలు మనిషికి ఆరుకి మించకూడదని, అందులోనూ ఇరవై అంగుళాలు దాటింది ఒక్కటికి మించకూడదని రూలున్న చోట, ఇంత వేషం వేసి చివరికి ఒకరి మొహం ఒకరికి అద్దం పెట్టుకుని కూర్చున్నారు. ఆరు చేపలు మా ఇంట్లో ఒక పూట పులుసు.

సరేలెండి. మీరు మాత్రం ఏం చేస్తారు, ఎట్లా గీస్తే అట్లా వచ్చారు. మూడు వారాలు మీతో గడిపాక ఎవరో కాదన్నారంటే నాకూ అదోలా ఉంది. మంచు పడి ఆ సరస్సులన్నీ గడ్డ కట్టకముందే మిమ్మల్ని ఎవరో ఒకరు తీసుకుపోవాలని, ఇద్దరినీ ఒకే రేవులో కట్టెయ్యాలని కోరుకుంటున్నా.

ఇక్కడ మీలో ఒకరిని మా ఇంటామె నిన్ననే చీపురుతో ఊడ్చేసింది. రెండోవారిని ఊడవనివ్వకుండా చిన్నోడు అడ్డం పడ్డాడు. పొద్దున్నే కొబ్బరి చీపురు తెడ్డుగా పట్టుకుని అందులోనే ఉన్నాడు. మిగిలింది ఒకటో నంబరు గారో రెండో నంబరు గారో నాకు తెలియడం లేదు. కొలుద్దామంటే టేపు ఎక్కడ పెట్టానో కనపడలేదు.

ఇట్లు,
మీ ఇద్దరిలోనూ కూర్చుని లేచిన
కావలి మామ